హెడ్‌సెట్టు ఏ చెవికి

షట్టర్ల షెడ్డు,
ఎండలు మొదలైన వారం

నీళ్ళ మధ్య ఇసుక తవ్వుకుని బతికే మా బావగారికి,

ఇరుగుపొరుగుకీ, ఎదుటి జట్టుకీ, పిట్టగోడల మీద పిల్లులకీ చాటి చెప్పేదేమంటే: ఈ ఆదివారం నుంచి మా జట్టులో ఎవరూ ఎవరినీ కేక పెట్టి పిలవరాదు. ఈల వేయరాదు. చప్పట్లు కొట్టరాదు. తుమ్ము వచ్చినవాడు ముక్కు మూసుకుని అవతలి వీధికి పోయి, తుమ్మి, తిరిగి రావలెను. ఆజ్ఞ మీరినవాడు అందరి టీ గ్లాసులూ కడగవలెను. ఇట్లు, జట్టు నాయకుడు, అనగా నేను. నన్ను ఎవరూ ఎన్నుకోలేదు. అలాగని వద్దనీ అనలేదు.

ఏమిటీ గోల అంటావా? ఎయిర్‌సాఫ్ట్ అని ఒక ఆట పట్టుకుంది మా అందరికీ. బొమ్మ తుపాకులు, ప్లాస్టిక్ గుళ్ళు, కళ్ళకి మందం అద్దాలు, మొహానికి జాలీ. ఊరి చివర మూతపడ్డ సబ్బుల ఫ్యాక్టరీలో ఆడతాం. గుండు తగిలితే తగిలినవాడే చెయ్యెత్తి, "తగిలింది" అని ఒప్పుకుని బయటికి నడవాలి. అంపైరు లేడు. మొత్తం నిజాయితీ మీద నడుస్తుంది. అలాంటి ఆటలోకి నన్ను రానిచ్చారంటే వీళ్ళెంత మంచివాళ్ళో చూసుకో.

మా జట్టులో సెలూన్ నడిపే కత్తెర ఉన్నాడు, పళ్ళ డాక్టరు ఉన్నాడు, కరెంటు మీటర్లు చూసే అతను ఉన్నాడు (అతన్ని మీటరు అనే పిలుస్తాం), ఇంకా అటూ ఇటూ కొందరు. ఎదుటి జట్టు బ్యాంకు గుమాస్తాలు. కౌంటరు దగ్గర నిలబడి మొత్తుకున్నా వినపడని మనుషులు, ఇక్కడ మాత్రం చెవిలో ఏదో పెట్టుకుని గుసగుసకే పరిగెత్తుతున్నారు. మొన్న నేను "కత్తెరా, డ్రమ్ముల వెనక నుంచి రా!" అని అరిచా. కత్తెరకి వినపడలేదు. బ్యాంకు వాళ్ళకి వినపడింది. డ్రమ్ముల వెనక వాళ్ళు ఎంత నింపాదిగా కాచుకున్నారంటే, ఒకడు కూర్చోడానికి స్టూలు కూడా తెచ్చుకున్నాడు.

కాబట్టి మాకు వాకీటాకీలు కావాలి, చెవికి పెట్టుకునే హెడ్‌సెట్లు కావాలి. చవకగా ఉండాలి. మన్నాలి. ఈ రెండూ ఒకే వస్తువులో కుదరవని అక్క అంటుంది. నువ్వు ఓడలో ఆ వైర్‌లెస్ పెట్టెల మధ్యే నిద్రలేచి ఆ పెట్టెల మధ్యే పడుకునేవాడివి. ఏవి కొనాలో చెప్పు. ఫోను చేద్దామంటే మీ ఓడకి సిగ్నలు ఉండదు, ఆఫీసు ఫోను నీ సొంతం కాదు. డీజిలు పడవ మోసుకొచ్చే ఉత్తరమే గతి.

ఇంకో మాట. వానలు పట్టాక ఓడ దూరపు తీరానికి పోతుందనీ, ఉంటానని సంతకం పెట్టినవాళ్ళు ఇక కొన్నేళ్ళ దాకా ఇంటి మొహం చూడరనీ మీ పడవవాడు నా షెడ్డులో కూర్చుని చెప్పాడు. నువ్వు సంతకం పెట్టావా? పోయిన సెలవుకి రాలేదు, అంతకు ముందు సెలవుకీ రాలేదు. అక్క అడగలేదు. అడక్కుండా ఉండటానికి చాలా కష్టపడుతోంది, చూడ్డానికి బాగుంది.

నీ బావమరిది

~

ఇసుక తవ్వే ఓడ, వైర్‌లెస్ గది

బావమరిదికి,

ఉత్తరం చేరింది. విషయం అర్థమైంది.

లైసెన్సు అక్కర్లేని, తక్కువ శక్తి రకమే కొను. దూరం పోతుందని ఆశపడి వేరే రకం కొంటే నీ కేక అంబులెన్సువాడి చెవిలో పడుతుంది. డబ్బా మీద రాసిన దూరం నమ్మకు. అది సముద్రం మీద లెక్క, మధ్యలో చేప కూడా ఎగరకపోతే. మీది ఫ్యాక్టరీ. రేకులు, ఇనప దూలాలు ఉంటాయి. నాలుగు గోడల అవతలికి మాట చేరితే చాలు, అంతకు మించి అడగొద్దు.

అన్నీ ఒకే రకం కొను. ఒకడి బ్యాటరీ అయిపోతే ఇంకొకడిది సరిపోవాలి. బ్యాటరీ ఊడి వచ్చే రకం తీసుకో. లోపలే అతికించిన రకం ఉబ్బిందంటే పెట్టె మొత్తం పారేయాలి.

హెడ్‌సెట్లలో సైనికుల బొమ్మ వేసి అమ్మే పెద్ద డిప్పల రకం వద్దు. చవకలో దొరికేవి ఉత్త డిప్పలు. ఎండలో చెవులు ఉడుకుతాయి. చెవికి కొక్కెంలా తగిలించుకునేవి చాలు. నొక్కి మాట్లాడే మీట పెద్దదిగా ఉండాలి, చేతి తొడుగుతో కూడా తెలియాలి. ముఖ్యమైనది ప్లగ్గు. రెండు పిన్నుల ప్లగ్గులన్నీ ఒకటి కావు, పిన్నుల మధ్య ఎడం తేడా ఉంటుంది. వాకీటాకీని దుకాణానికి పట్టుకెళ్ళి ప్రతి ఒక్కటీ గుచ్చి చూసి కొను.

సంతకం పెట్టాల్సిన కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. ఓడ కదిలేలోపు ఇవ్వాలి.

మీ అక్క గురించి రాయక్కర్లేదు. కుట్టుమిషను బెల్టు మార్చే వేళయింది, మార్చిందో లేదో అది మాత్రం రాయి.

~

షట్టర్ల షెడ్డు,
ఎండలు ముదిరాక

బావా,

బెల్టు మార్చింది. తనే మార్చుకుంది. నేను మారుస్తానంటే "నువ్వు ముట్టుకుంటే మిషను పాట పాడుతుంది, అవతల ఉండు" అంది.

ఇక సరుకు సంగతి. గుచ్చి చూడమన్నావు. చూశా. దుకాణంవాడు చూపించడానికి ఉంచుకున్నదాన్ని గుచ్చి చూశా, వెన్నలో దూరినట్టు దూరింది. మిగతావన్నీ కట్ట కట్టించా. ఇంటికొచ్చి చూస్తే కట్టలో ఉన్నవాటికీ దానికీ చుట్టరికమే లేదు. వాడి దగ్గరికి తిరిగి వెళ్ళటానికి సిగ్గేసి, ఆకురాయి తీసుకుని పిన్నులు రుద్దా. తాళం చెవులకి చేసే పనే కదా. రుద్దగా రుద్దగా కొన్ని దూరాయి. ఇక ఈ జన్మకి బయటికి రావు. కత్తెర హెడ్‌సెట్టు పిన్ను లోపలే విరిగింది. అతనిది ఇప్పుడు హెడ్‌సెట్టు లేని వాకీటాకీ, ఎవరేమన్నా నడిబజారులో మైకు పెట్టినట్టు బయటికే మోగుతుంది.

మొదటి ఆట కూడా అయింది. పెట్టెలోంచి తీసినప్పుడు ఏ చానలు ఉందో అదే ఉంచా, మార్చడం దేనికని. అది ఫ్యాక్టరీ పక్క మంచాలూ సోఫాలూ అమ్మే పెద్ద షాపువాళ్ళ కాపలాదార్ల చానలు కూడానట. కార్లు పెట్టించేవాళ్ళు. ఆట మంచి జోరు మీద ఉండగా పళ్ళ డాక్టరు చెవిలో "వెనక్కి, వెనక్కి, ఇంకొంచెం వెనక్కి" అని వినపడింది. నేనే చెబుతున్నాననుకున్నాడు. చదువుకున్నవాడు కదా, చెప్పినట్టు చేశాడు. వెనక్కి నడిచి నడిచి బ్యాంకు మేనేజరు ఒళ్ళో కూర్చున్నాడు.

నాకూ ఒళ్ళు ఊరుకోలేదు. మీట నొక్కి, గొంతు బరువు చేసి, "యజమాని వస్తున్నాడు, కార్లన్నీ మొహం గోడకేసి పెట్టించండి" అన్నా. ఆట అయ్యాక చూడ్డానికి వెళ్ళాం. అన్నీ తప్పు చేసిన పిల్లల్లా గోడకేసి నిలబడి ఉన్నాయి.

అక్క గురించి రాయొద్దన్నావు. నేను రాయట్లేదు, జట్టు సంగతి రాస్తున్నా. వాకీటాకీలు జేబుల్లోంచి జారిపడుతుంటే ఛాతీ మీద కట్టుకోడానికి సంచులు కుట్టమని అక్కనడిగా. పాత జీన్సు ప్యాంట్లు చించి కుట్టింది, యాంటెనా భుజం మీదికి వచ్చేలా, మూత ఒంటిచేత్తో తెరిచేలా. కొలత సరిపోయిందో లేదో చూద్దామని ఫ్యాక్టరీకి వచ్చింది. అదే రోజు మీటరు కాలు మెలిక పడింది. ఒక మనిషి తక్కువయ్యాడు. అక్క మెడలో కొలత టేపు తీయకుండానే తుపాకీ అందుకుంది. బావా, సూదిలో దారం ఎక్కించే కన్ను అది. బ్యాంకు వాళ్ళిద్దరు "తగిలింది" అని బయటికి నడిచాకగానీ ఎక్కణ్ణించి తగిలిందో ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు ప్రతి ఆదివారం వస్తోంది.

ఇంకొకటి కూడా రాస్తా, కోపమొస్తే ఉత్తరం నీళ్ళలో పారెయ్. మీరిద్దరూ గొడవ పడ్డ రోజు నేను గుమ్మంలోనే ఉన్నా. తలుపు బందు బిగిస్తున్నట్టు నటిస్తున్నా. అక్క అంతసేపు చెప్పింది. ఏడాదంతా మిషను చప్పుడు తప్ప ఇంకో గొంతు వినలేదని, జ్వరమొస్తే తన నుదురు తనే పట్టుకుని చూసుకున్నానని. నువ్వు కదలకుండా విన్నావు. విని, "అందింది" అన్నావు. ఆమె గరిటె కింద పెట్టేసింది. "అయితే ఆ ఓడకే పో" అంది. నువ్వు దానికీ "అందింది" అని పెట్టె సర్దుకున్నావు.

అంతటి మొగుణ్ణి నేనింతవరకూ చూడలేదు. బందు బిగించడం మర్చిపోయి వచ్చేశా. ఆ తలుపు ఇప్పటికీ కిర్రుమంటుంది.

నీ బావమరిది

~

ఇసుక తవ్వే ఓడ, వైర్‌లెస్ గది

బావమరిదికి,

ఆకురాయితో రుద్దితే పిన్ను సన్నబడుతుంది. రెండు పిన్నుల మధ్య ఎడం మారదు. ఇది నీకు తెలియకపోవడం నాకు ఆశ్చర్యం కాదు.

చానలు వెంటనే మార్చు. కొత్త చానలు మీద కొంతసేపు ఊరికే విను, ఎవరి గొంతూ లేకపోతే అప్పుడు వాడు. దానితో పాటు ఒక కోడ్ పెట్టుకునే వీలుంటుంది. అది పెట్టుకున్నంత మాత్రాన మీ మాటలు రహస్యం అయిపోవు. ఇతరుల గొంతు మీకు వినపడదు, అంతే. మీది వాళ్ళకి వినపడుతూనే ఉంటుంది. కాపలాదార్ల జోలికి మళ్ళీ పోకు. వాళ్ళు పని చేసుకుంటున్నారు.

మీ అక్కకి హెడ్‌సెట్టు విడిగా కొనాలి. మిగతావాళ్ళది ఆమెకి పనికిరాదు. ఆమె చెవులు చిన్నవి, పెద్ద బిరడా పెడితే నొప్పి పుట్టి పడేస్తుంది. చిన్న సైజు మెత్తటి రబ్బరు బిరడాలు అడుగు, ప్యాకెట్టులో విడిగా వస్తాయి. కళ్ళజోడు కాడ చెవి వెనక ఉంటుంది కాబట్టి కొక్కెం లావుగా ఉండకూడదు, ఉంటే కళ్ళజోడు లేస్తుంది, సాయంత్రానికి తలనొప్పి వస్తుంది. నోటి ముందుకు వచ్చే మైకు కాడ వద్దు. ఆమె పని చేసేటప్పుడు గుండుసూదులు పెదాల మధ్య పట్టుకుంటుంది, ఆ అలవాటుకి కాడ కొరుకుతుంది. మైకు మెడ దగ్గర తీగ మీదే ఉన్న రకం తీసుకో. ఇనుము ఒంటికి తగిలితే దద్దురు వస్తుంది, క్లిప్పుకి గుడ్డ చుట్టు. తీగ వీపు వైపు నుంచి తీసుకురావాలి. అది ఆమెకి అందదు. ఎవరైనా పెట్టాలి.

ముఖ్యం: ఈ చవక పెట్టెల్లో మీట నొక్కకుండానే, గొంతు వినగానే తనే తెరుచుకునే ఏర్పాటు ఒకటి ఉంటుంది. ఆమె పెట్టెలో అది ఆపెయ్. ఆమెకి పనిలో ఉన్నప్పుడు తనలో తను మాట్లాడుకునే అలవాటుంది. తనకు తెలియదు.

గుమ్మం సంగతి. మా పనిలో "అందింది" అన్న మాట ఊరికే అనం. సగం వినపడితే అనం. గాలికి ఒక్క ముక్క ఎగిరిపోయినా మళ్ళీ చెప్పమని అడుగుతాం. మొత్తం చేరితేనే, ఒక్క మాట కూడా నీళ్ళలో పడలేదని ఖాయమైతేనే అంటాం. నాకు తెలిసినవాటిలో అంతకంటే పెద్ద మాట లేదు. ఆమె చెప్పిందంతా చేరిందని చెప్పాను.

ఇది ఆమెకి చెప్పొద్దు. చెప్పినా అర్థం కాదు.

~

షట్టర్ల షెడ్డు,
మబ్బులు పట్టాక

బావా,

హెడ్‌సెట్టు నువ్వు రాసినట్టే కొన్నా. చిన్న రబ్బరు, సన్న కొక్కెం, తీగ మీద మైకు. అక్క తిప్పి తిప్పి చూసి "ఇంత తెలివి నీకెక్కడిది?" అంది. దుకాణంవాడిది అన్నా. "దుకాణంవాడికి నా చెవి సైజు ఎవరు చెప్పారు?" అంది. నేను పనుందని వచ్చేశా.

ఆ తనే తెరుచుకునే ఏర్పాటు ఆపమన్నావు. ఆపలేదు. మర్చిపోయానని రాద్దామనుకున్నా, కానీ నా గురించి నీకు బాగా తెలుసు. అక్క ఆ బ్యాంకు వాళ్ళని లోపల్లోపల ఏమని తిడుతుందో అందరం విందామని అలాగే వదిలేశా. అంతకు మించి చెడ్డ ఉద్దేశం లేదు.

ఆదివారం ఆట. వాన రాలేదు, వస్తానని బెదిరిస్తోంది. అక్క నూనె డ్రమ్ముల వెనక బోర్లా పడుకుంది. నేను దూరంగా మురుగు కాలవలో, పళ్ళ డాక్టరు మెట్ల కింద. కత్తెర ఫ్యాక్టరీ నడిమధ్య గోడ చాటున, వాడి పెట్టె బయటికి మోగే రకం అని రాశా కదా. అందరం ఊపిరి బిగబట్టి ఉన్నాం. అప్పుడు అక్క గొంతు వచ్చింది. చెవుల్లోనూ వచ్చింది, కత్తెర పెట్టెలోంచి ఫ్యాక్టరీ అంతటా కూడా వచ్చింది. నేను విన్నది విన్నట్టు రాస్తున్నా:

"ఈ తీగ ఒకటి, జడలోకి పోతోంది. ఆయన ఉంటే వెనక నుంచి తీసి క్లిప్పు పెట్టేవాడు. మాట్లాడకుండా పెట్టేవాడు. ఏం మాట్లాడతాడు, మాటలన్నీ ఓడకే దాచుకుంటాడు. కంచం పెడితే అందింది. చొక్కా ఉతికిస్తే అందింది. అప్పుడు ఒళ్ళు మండేది. ఇప్పుడు కంచం ముందు కూర్చుంటే ఆ పనికిమాలిన మాట కోసమే చెవి కాచుకుంటుంది. ఎవరితో చెప్పుకుంటాం ఇలాంటివి. తమ్ముడితో చెబితే ఊరంతా చాటింపు వేస్తాడు. సంతకం పెడితే పెట్టుకోనీ. పెట్టకుండా ఉంటే బాగుండు. అబ్బ, ఈ చీమ ఒకటి."

బావా, ఎవరూ తుపాకీ పేల్చలేదు. చీమ కుట్టినా కదల్లేదు ఎవరూ, కుట్టింది అక్కనే కాబట్టి. బ్యాంకు మేనేజరు గోడ చాటు నుంచి నడుచుకుంటూ బయటికొచ్చి, చెయ్యి చెవి వెనక పెట్టుకుని, కత్తెర పెట్టె దగ్గర నిలబడ్డాడు, ఇంకా ఏమైనా వస్తుందేమోనని. కత్తెర ఆయన పొట్టలో కాల్చాడు. మేనేజరు కళ్ళు తుడుచుకుంటూ "తగిలింది" అన్నాడు. మిగతావాళ్ళు ఆయన్ని చూడ్డానికి తలలెత్తారు, వాళ్ళనీ కాల్చాం. మా జట్టు గెలవడం ఇదే మొదటిసారి.

సంతకం సంగతి అక్కకి నేను చెప్పలేదు. పడవవాడు నా షెడ్డులోనే కాదు, ఊళ్ళో అన్ని షెడ్లలోనూ కూర్చుంటాడు.

నీ బావమరిది

~

ఇసుక తవ్వే ఓడ, వైర్‌లెస్ గది

బావమరిదికి,

నువ్వు రాసిన మాటలు నేను నమ్మడం లేదు.

ఇన్నేళ్ళలో మీ అక్క నా గురించి ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం నేను వినలేదు. ఎదురుగా ఉన్నా అనలేదు, చాటుగా అన్నట్టు ఎవరూ చెప్పలేదు. ఆ మాటలు బాగున్నాయి. బాగుండటమే అనుమానం. నువ్వు నా బూట్లని మేకులతో నేలకి కొట్టినవాడివి. ఫ్యాక్టరీ పక్క కార్లన్నింటినీ గోడకేసి తిప్పినవాడివి. ఒక ఆడమనిషి గొంతు కల్పించడం నీకు పెద్ద పని కాదు. చీమని కూడా పెట్టావు, నమ్మకం కలగడానికి.

కాగితం అడిగారు. పడవ మళ్ళీ వచ్చేలోపు ఇస్తానన్నాను.

ఒక్క ప్రశ్న. దీనికి మాత్రం వేళాకోళం లేకుండా జవాబు రాయి. ఆమె హెడ్‌సెట్టు ఏ చెవికి పెట్టుకుంది?

~

షట్టర్ల షెడ్డు,
మొదటి వాన

బావా,

పడవవాడు బయట తొందర పెడుతున్నాడు. అందుకని క్లుప్తంగా.

ఎడమ చెవికి. బాగా గుర్తుంది. ముందు కుడి చెవికి పెట్టుకోబోయి, ఆగి, తీసి, ఎడమ చెవికి మార్చుకుంది. ఆ చెవి దుద్దు తీసి జాకెట్టుకి పిన్నుతో గుచ్చుకుంది. ఎందుకని నేను అడగలేదు.

ఇందులో వేళాకోళం లేదు.

నీ బావమరిది

~

ఇసుక తవ్వే ఓడ, వైర్‌లెస్ గది

బావమరిదికి,

కాగితం సంతకం లేకుండా తిరిగి ఇచ్చాను. కారణం అడిగారు. చెవి అన్నాను. వాళ్ళకి నాకు వినికిడి తగ్గిందని అర్థమైంది. పరీక్ష లేకుండా ఒప్పుకున్నారు.

నీకు కారణం సరిగ్గా చెబుతాను. వైర్‌లెస్ పనిలో ఉన్నవాళ్ళెవరూ రెండు చెవులూ మూసుకోరు. ఒకటి పెట్టెకి ఇస్తాం, ఒకటి ఖాళీగా ఉంచుకుంటాం. ఖాళీగా ఉంచేది ఎప్పుడూ అక్కర ఉన్నవైపు చెవి. నేను ఇంజను గది వైపు చెవి ఖాళీగా ఉంచుతాను, ఇంజను గొంతు మారితే తెలియాలి కాబట్టి. ఇది ఎవరూ నేర్పరు. ఒళ్ళే నేర్చుకుంటుంది.

నేను మీ అక్కకి ఎప్పుడూ కుడివైపే కూర్చుంటాను. బస్సులో, ఆసుపత్రి బెంచీ మీద, మిషను దగ్గర. ఆమె ఎడమ చెవికి పెట్టుకుంది. కుడి చెవికి పెట్టుకోబోయి మానుకుంది. నేను కూర్చునేవైపు చెవి ఖాళీగా ఉంచుకుంది.

ఎందుకలా చేసిందో ఆమెకే తెలిసి ఉండదు. నీకు అసలే తెలియదు. మాటలంటే నువ్వు ఎన్నయినా అల్లగలవు. ఇది అల్లడం నీ వల్ల కాదు. ఏం అల్లాలో తెలిస్తే కదా అల్లడానికి.

తర్వాతి పడవకి వస్తున్నాను. గుమ్మం బందు నేనే బిగిస్తాను, నువ్వు ముట్టుకోకు.

~

షట్టర్ల షెడ్డు,
వానలు తగ్గుముఖం పట్టాక

బావా,

రెండు సందుల అవతల ఉన్న మనిషికి స్టాంపు అంటించి ఉత్తరం ఏమిటి అనుకుంటున్నావు కదూ. మొహం చూసి చెప్పలేక. మధ్యాహ్నం కత్తెర సెలూన్లో నా పక్కనే కూర్చుని గడ్డం గీయించుకున్నావు, అప్పుడు చెబుదామని నోరు తెరిచా. కత్తెర చేతిలో కత్తి ఉంది. మూశా.

ముందు మంచి సంగతులు. నువ్వు వచ్చాక మా వాకీటాకీలు మనుషుల్లా మాట్లాడుతున్నాయి. పిన్నులు దూర్చిన పెట్టెల్ని నువ్వు విప్పి బాగుచేస్తున్నప్పుడు నన్ను చూసిన చూపు మర్చిపోను. బ్యాంకు వాళ్ళు వరుసగా ఓడిపోతున్నారు, మేనేజరు అయితే అక్క గొణుగుతుందేమోనని ఆటలో ఇప్పటికీ మధ్యమధ్య ఆగి చెవి పెడుతున్నాడు. నువ్వు "అందింది" అన్న ప్రతిసారీ దాని వెనక ఇంకో పూర్తి వాక్యం చెప్పాలని అక్క షరతు పెట్టిందట. నిన్న నువ్వు "అందింది. కూరలో ఉప్పు తక్కువైంది" అన్నావని, ఇంతకంటే ఆ ఒక్క మాటే నయమని చెప్పుకుని నవ్వింది. అక్క నవ్వి చాలా కాలమైంది బావా. నాకు ఆ నవ్వు చాలు, ఎలా వచ్చిందని నేనైతే తవ్వను. కానీ నువ్వు తవ్వే పని చేసి వచ్చినవాడివి.

వచ్చిన దగ్గర్నుంచీ నువ్వు ఆ చెవి కథ అందరికీ చెబుతున్నావు. కత్తెరకి చెప్పావు, మీటరుకి చెప్పావు, పళ్ళ డాక్టరుకి వాడు నీ పన్ను పట్టుకుని ఉన్నప్పుడు కూడా చెప్పావట. చెప్పుకుంటే చెప్పుకున్నావు. కానీ సాయంత్రమయ్యేసరికి స్టూలు తెచ్చుకుని మిషనుకి కుడివైపు కూర్చుంటున్నావు. నిన్న అక్క షెడ్డుకొచ్చి, "మీ బావకి ఏమైంది? కిటికీ ఉన్నది కుడివైపు. వెలుతురంతా వీపుతో కప్పేసి కూర్చుంటాడు. ఇటు రమ్మంటే నవ్వుతాడు. మూడు జాకెట్లకి చేతులు వంకరగా కుట్టాను" అంది. పాపం ఆ జాకెట్లు తొడుక్కునేవాళ్ళు ఏం చేశారు? అందుకే రాస్తున్నా.

ఆ రోజు డ్రమ్ముల వెనక అక్క అన్నదంతా నిజం. నువ్వు నమ్మకపోతే కత్తెరనడుగు, బ్యాంకు మేనేజరునడుగు, ఫ్యాక్టరీలో ఉన్న ప్రతివాడూ సాక్షే. చీమ కూడా నిజం. ఆ మర్నాడే కత్తెర నోరు జారితే అక్కకీ తెలిసిపోయింది. వారం రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడిన రోజు ఒక్కటే అడిగింది: "ఓడకి రాశావా?" రాశా అన్నా. "మొత్తం రాశావా, నీకు నచ్చింది రాశావా?" మొత్తం రాశా అన్నా. కాసేపు దారం ఉండ చుట్టి, "సరే, మొత్తం రాస్తే సరే" అంది. అన్ని నిజాలూ కలిపి నా జన్మలో ఒకే ఒక్కసారి రాశాను బావా, నువ్వు అది నమ్మలేదు. నా బతుకు అలాంటిది, ఎవరినీ అనడానికి లేదు.

చెవి సంగతికి వస్తా. నువ్వు అడిగేసరికి నేను తెల్లమొహం వేశా. ఆ రోజు నేను మురుగు కాలవలో బోర్లా ఉన్నా, ముక్కులో ఆకు, కళ్ళద్దాల నిండా బురద. అక్క చెవులు కాదు, అక్క ఎటు ఉందో కూడా నాకు కనపడలేదు. పోయి అక్కనే అడుగుదామంటే అప్పుడే మాటల్లేని వారం నడుస్తోంది. పడవవాడు గుమ్మంలో నిలబడి గొడుగు తిప్పుతున్నాడు. కలం నా కుడిచేతిలో ఉంది, ఎడమ చెయ్యి ఊరికే ఉంది. అందుకని ఎడమ అని రాశా. ఉత్త ఎడమ అంటే నువ్వు నమ్మవని, కుడికి పెట్టుకోబోయి మార్చుకుందని కలిపా. ఇంకా చాలదేమోనని దుద్దు తీయించా.

కాబట్టి ఆ స్టూలు కిటికీకి అడ్డం లేకుండా ఎటైనా వేసుకో బావా. మాటలన్నీ అక్షరం పొల్లుపోకుండా అక్కవి. ఎడమ చెవి మాత్రం నేను కల్పించింది.